పాపను తోల్కొచ్చే వేళ

నారాయణఖేడ్,
బుధవారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ చెల్లెలు మణి నమస్కారాలు. ఉత్తరం చూడగానే ఎవరికో ఏదో అయిందని కంగారు పడకు. మీ మరిది, పాప, నేను ముగ్గురం నిక్షేపంగా ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు ఉప్పు తగ్గించారా, లేక నువ్వు చూడనప్పుడు ఊరగాయ జాడీలో చెయ్యి పెడుతూనే ఉన్నారా? కంటి ఆపరేషన్ అయ్యాక మీ అత్తగారికి టీవీ సీరియళ్లు బాగా కనిపిస్తున్నాయా? అన్నీ రాయి. రాయడానికి బద్ధకమైతే ఫోనైనా చెయ్యి, కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే చెయ్యి.

ఫోనుండగా ఉత్తరమేమిటే అంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కదా. నేను "అది కాదక్కా" అనేలోపే అన్నీ నిర్ణయించేస్తావు. రెండు వారాల కిందట ఆదివారమూ అంతే. "పరీక్షలవగానే పాపను తెచ్చి నా దగ్గర దింపెయ్. జూన్‌లో మండపేటలోనే బళ్లో వేసేస్తాను. మూడో తరగతిలో సీటు కూడా మాట్లాడేశాను" అన్నావు. నేను "సరే, చూద్దాం" అన్నాను. నిజానికి నా మనసులో సరే లేదు. ఉన్నదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. షాపులో కరెంటు పోయింది, జిరాక్స్ మిషను ఆగింది, నాకు తీరిక దొరికింది.

ఈ షాపు సంగతి ఫోనులో నీకు సగమే చెప్పాను. కాలువ పనుల మీద మీ మరిది పొద్దున ఏడింటికి నాగల్‌గిద్ద వైపు వెళితే రాత్రి ఎనిమిదికి గాని రారు. మేం వచ్చిన కొత్తలో పాప బడికి వెళ్లిపోయాక నేను గోడలతో మాట్లాడుకునేదాన్ని. ఇక్కడి వాళ్లు మొదటి పరిచయంలోనే "నువ్వు" అంటారు. గారూ లేదు, అండీ లేదు. కూరగాయలమ్మే ఆవిడ "ఏందమ్మా, గీ వంకాయలు తీస్కుంటవా లేదా" అని గదమాయిస్తే నేను బిక్కచచ్చిపోయి రెండు కిలోలు కొనేశాను. తర్వాత తెలిసింది, ఆవిడ గదమాయించలేదు, మామూలుగానే అడిగింది. అప్పటి నుంచి నాకు ఈ ఊరి మాట మీద ఒక ఆసక్తి పుట్టింది. ఇంకేం మాటలున్నాయి వీళ్ల దగ్గర అని చెవులు రిక్కించి తిరుగుతున్నాను.

ఆ చెవులతోనే తిరుగుతూ తహసీల్ ఆఫీసు పక్కన ఈ షాపులోకి వచ్చాను. జిరాక్స్ తీస్తారు, దరఖాస్తులు రాసిపెడతారు. నడిపేది నసీమా. నా కంటే పదేళ్లు పెద్ద, అందరూ ఆపా అంటారు, అంటే అక్క, నేనూ అలాగే అంటాను. నా రాత చూసి, "సగం దినం పని చేస్తవా? పదిన్నరకు రా, మూడింటికి పో" అంది. బడి తొమ్మిది నుంచి నాలుగింటి దాకా. పాపను దింపి, ఇంత అన్నం తిని షాపుకు రావచ్చు. మూడింటికి లేస్తే, కూర వండి నాలుగింటికి గేటు దగ్గర నిలబడొచ్చు. నా కోసం ఎవరో కొలిచి కుట్టినట్టుంది ఆ వేళ. నువ్వు దీన్ని సగం ఉద్యోగం అని వెక్కిరించావు గాని, ఆ సగమే నాకు కావలసింది.

ఇక్కడ ఏం జరుగుతుందో తెలుసా అక్కా? మనుషులు వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని తమ బతుకంతా చెబుతారు. కంగ్టి నుంచి, నాగల్‌గిద్ద నుంచి వస్తారు. కొందరి తెలుగులో కన్నడం కలుస్తుంది, ఆపా ఇంట్లో మాట్లాడే ఉర్దూ వేరు, అన్నీ ఈ బల్ల దగ్గరికే వస్తాయి. నేను అవసరమైన దానికంటే రెండు ప్రశ్నలు ఎక్కువే అడుగుతాను. ఆపా తిడుతుంది. "దరఖాస్తు రాయమంటే కథ రాస్తున్నవ్, జల్దీ కానియ్యి" అంటుంది.

ఇక అసలు సంగతి. నీకు చెప్పకుండా దాచినది.

మార్చి సగంలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఇక్కడ ఒక్కపూట బడి అంటారు. ఎనిమిదికి మొదలై పన్నెండున్నరకు వదిలేస్తారు. నా వేళంతా తలకిందులైంది. ఆఫీసు తెరిచేదే పదిన్నరకు, జనం తోసుకొచ్చేది పన్నెండింటికి. ఆపాకు అప్పుడే నేను కావాలి, పాపకు కూడా అప్పుడే కావాలి. ఏం చెయ్యాలో తోచక వీధిలో నిలబడి అదే మాట పక్కింటామెతో అంటుంటే సంతోషమ్మ విన్నది. సంతోషమ్మ మా వెనక వీధిలోనే ఉంటుంది. పాప చదివే బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. అరవై దాటిన మనిషి, ఆదివారం చర్చికి తెల్లచీర కట్టుకుని వెళుతుంది. అంతవరకే నాకు తెలుసు.

"పరేషాన్ గాకు బిడ్డ. పగటీలి నా పనైనంక పిల్లను నేను తోల్కొస్త తీ," అంది.

పగటీలి అంటే మధ్యాహ్నమని తెలుసు గాని, తోల్కొస్తుందట! మన వైపు తోలుకొచ్చేది దేన్నో నీకు వేరే చెప్పాలా? నాకు ఒళ్లు మండింది. నీ చెల్లెలి నోరు నీకు తెలుసు. "మా అమ్మాయేం గేదె కాదండీ, తోలుకురావడానికి," అన్నాను. ఆవిడ "గట్లనా," అని కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

పన్నెండుంబావుకు పరుగెత్తి పాపను షాపుకు తెచ్చుకుంటానని ఆపాతో ఒప్పందం చేసుకున్నాను. నేనే వస్తానని బళ్లో టీచరుకూ చెప్పాను. మొదటి రోజు నాగల్‌గిద్ద నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన దగ్గర మూడు కార్డులు. ఒకదాంట్లో శివరాయప్ప, ఒకదాంట్లో శివరాజప్ప, మూడోదాంట్లో ఒట్టి శివప్ప. "ఈ ముగ్గురిలో మీరెవరు?" అన్నాను. "ముగ్గురూ నేనే. ఏం జెయ్యమంటవ్?" అన్నాడు. మా నాయన ఒకటి పెట్టిండు, బడిల ఒకటి రాసిండ్రు అంటూ మొదలుపెట్టాడు. దరఖాస్తుకు నాలుగు ముక్కలు చాలు. కానీ నాకు తెలుసుకోవాలనిపించింది. వాళ్ల నాన్న ఎందుకా పేరు పెట్టాడు, ఇంట్లో ఏమని పిలుస్తారు, అన్నీ అడిగాను. తల ఎత్తి గడియారం చూస్తే ఒంటిగంటా పది.

అక్కా, ఆ పరుగు ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. ఒక చెప్పు దారిలో తెగింది, వదిలేశాను. గేటుకు తాళం. వాకిట్లో నరపురుగు లేదు. ఇంటికి పరుగెత్తాను, నేను వేసిన తాళం అలాగే ఉంది. పక్కింట్లో అడిగితే చూడలేదన్నారు. ఆ ఎండలో నేను అన్న మాట ఒక్కటే, "అక్కా, అక్కా" అని. దేవుణ్ణి కూడా పిలవలేదు, నిన్నే పిలిచాను.

అప్పుడు వెనక వీధిలోంచి పాప గొంతు వినిపించింది. ఏడుపు కాదు, చదువు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని గట్టిగా చదువుతోంది. కంది కట్టెల మోపుల మధ్యనుంచి దూరి వెళ్లాను. సంతోషమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పాప ఒళ్లో చర్చిలో పాడుకునే పాటల పుస్తకం, అంచులు నలిగిపోయినది. పక్కన పళ్లెంలో సగం తిన్న జొన్న రొట్టె. పాప ఒత్తక్షరం దగ్గర ఆగిపోతే సంతోషమ్మ ఆ చరణం మొత్తం పాడి వినిపిస్తోంది, పాప మళ్లీ అక్షరాల్లో దాన్ని వెతుక్కుంటోంది.

నన్ను చూసి సంతోషమ్మ లేవలేదు. "నువ్వు వద్దంటివి గనీ, పిల్ల గేటుకాడ నీకోసం సూసుకుంట నిలవడ్డది. టీచరమ్మ నాకప్పజెప్పింది. నా పాణం ఒప్పలే. తోల్కొచ్చిన," అంది. ఆ చివరి మాట కొంచెం నొక్కి పలికింది. నేను పాపను పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. పాపకు మాత్రం చిరాకేసింది. "ఉండమ్మా, ఈ పాట అయిపోనీ," అంది.

సాయంత్రం ఈ సంగతి చెబితే మీ మరిది, "నీ పనిని తప్పుపట్టడం లేదు. కానీ పాపను మీ అక్క దగ్గరే ఉంచుదామా?" అన్నారు. నేనూ ఊఁ అన్నాను. నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం నేను ఒప్పేసుకున్నాను. నాకా శిక్ష పడాలనే అనిపించింది. అందుకే ఆ ఆదివారం నువ్వు ఫోనులో అడిగితే కాదనలేకపోయాను.

మర్నాడు సోమవారం పొద్దున ఆపాతో ఆ మాట సంగతి కదిపాను. ఎంత మంచిదైనా పిల్లను తోల్కొచ్చానంటుందేమిటి ఆవిడ అన్నాను. ఆపాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది చూడు, బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. "అరె పిచ్చిదానా! మా దగ్గర మనుషులనే తోల్కొస్తరు. పండుగకు బిడ్డను తోల్కొస్తరు, దవాఖానకు అమ్మను తోల్కపోతరు. బర్లనైతే కొట్టుకొస్తరు. గా ముసలామెను నువ్వేమన్నవ్?" అంది. అన్నది చెప్పాను. ఆపా నవ్వు ఆపేసింది. "ఇప్పుడే పో," అంది. "షాపు నేను సూసుకుంట."

బడి వంటగది దగ్గరికి వెళ్లాను. సంతోషమ్మ పెద్ద గిన్నె తోముతోంది. ఎదురుగా కూర్చుని నేనో గిన్నె అందుకున్నాను. క్షమించమనడానికి నోరు రాలేదు. చివరికి, "రేపటి నుంచి పాపను మీరే తోల్కొస్తారా?" అన్నాను.

తోమడం ఆపి నావైపు చూసింది. "ఎవర్ని? బర్రెనా, పిల్లనా?" అంది. ఇద్దరం ఎంత నవ్వామంటే, లోపలున్న రెండో వంటమ్మ ఏమైందోనని బయటికి వచ్చింది.

అక్కా, అప్పటి నుంచి ఇలా నడుస్తోంది. బడి వదలగానే పాప అక్కడే అన్నం తింటుంది. సంతోషమ్మ గిన్నెలు కడుక్కుని తనతో ఇంటికి తీసుకెళుతుంది. నేను మూడింటికి వెళ్లేసరికి రెండు పాటలు అయి ఉంటాయి. ఆవిడ చూపు మందగించింది, సన్న అక్షరాలు కనబడవు. మా అక్కతో పెద్దక్షరాల పుస్తకం తెప్పిస్తానంటే, "వద్దు. గీ పిల్ల నోటితోనే వింట," అంది. మొన్న నువ్వు పంపిన ఎండు రొయ్యలు కూర వండి పట్టుకెళ్లాను. "గీ పురుగులేంది బిడ్డ?" అని పళ్లెం దూరం జరిపింది. బతిమాలితే ఒకటి నోట్లో వేసుకుంది, ఇప్పుడు రోజూ అడుగుతోంది. ఈసారి రెండు పొట్లాలు పంపు. పాపకు నూలు గౌన్లు కూడా. ఇక్కడి ఎండ మన వైపు ఎండలా చెమట పట్టించదు, పెదవులు పగలగొడుతుంది.

పాప యాస పాడైపోతోందని బాధపడ్డావు. "ఏంది పెద్దమ్మా" అన్నదని ఫోను పెట్టేశావట. అదీ మన భాషే అక్కా. నీతో నీ మాటే మాట్లాడుతుంది, నాదీ పూచీ.

ఇక కష్టమైన మాట రాస్తాను. పాపను నేను పంపను. ఆ సీటు ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పు. నీ దగ్గర పాపకు లోటు ఉంటుందని కాదు. అమ్మ పోయినప్పుడు నేను పాప వయసుదాన్నే. నువ్వు కాలేజీ మానేసి, రోజూ సాయంత్రం సైకిలు వేసుకుని మా బడికి వచ్చేదానివి. వానలో, ఎండలో, నీకు జ్వరమొచ్చిన రోజు కూడా. గేటు దగ్గర నువ్వుంటావో లేదో అని నేను ఏనాడూ భయపడలేదు. ఇక్కడి మాటలో చెప్పాలంటే నువ్వే నన్ను ఇంతదూరం తోల్కొచ్చావు. అది నాకు తెలుసు గనకే, నా పాపకు గేటు దగ్గర నేను కనబడాలి. నేను లేని పూట సంతోషమ్మ కనబడాలి. ఆ పనీ నాకు కావాలి, నా పాపా నాకు కావాలి, రెండూ వదలను. ఒక పూట గడియారం మరిచిపోయాను. మళ్లీ మరవను. ఆపా ఇప్పుడు నా ఎదురుగా గోడకు ఇంకో గడియారం కొట్టించింది.

కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా రెండు రోజుల్లో దించేసుకో. సెలవుల్లో పాపను పంపే బదులు నువ్వే ఒకసారి రా. హైదరాబాదులో ఖేడ్ బస్సెక్కితే చాలు, తిన్నగా ఇక్కడే దిగుతావు. బావగారికీ, మీ అత్తగారికీ మా ముగ్గురి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. కరెంటు వచ్చింది, బయట నలుగురు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. పెద్దదానివి, నీ దీవెన మా మీద ఉంటే చాలు.

నువ్వు పెంచిన చెల్లెలు,
మణి

ఇంటికొచ్చి కవరు అంటిస్తుంటే పాప తనూ రాస్తానని లాక్కుంది. కింద ఉన్నది దాని రాతే. తప్పులు నేను దిద్దలేదు.

పెద్దమ్మా జల్ది రా. బస్టాండ్ కాడ నిలవడు. నేను సంతోషమ్మవ్వ వచ్చి నిన్ను తోల్కొస్తం.