నాయన నడుము తొక్కను

నంద్యాల, 9-8-2006, బుధవారం.

అమ్మకు కూతురు భ్రమరాంబిక దండాలు. ఈ పొద్దు మొదటి వింత, కాలేజీ లైబ్రరీ పత్రికలో కనబడిన ఒక కుందేలు వెన్నెముక బొమ్మ. పూసల మధ్య అరిగిపోయిన డిస్కులో, ఆ కుందేలు ఎముక మూలగలోంచే తీసిన మూలకణాలను పెడితే మళ్ళీ నీరుపట్టి ఎదిగిందంట. మూలకణం! ఆ మాటను హాస్టల్ దాకా బెల్లంముక్కలా చప్పరిస్తూ వచ్చినాను. మనుషులకు ఆ వైద్యం ఇంకా రాలేదు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టినాను కాబట్టి, ఆదివారం వచ్చి నాయన నడుము తొక్కితే నొప్పి పోతుందని రాసినావు. తొక్కను. నా గదిలో ఉండే సిరి కూడా "నీ కాళ్ళుండగా కుందేళ్ళతో ఏం పనే?" అని నవ్వింది. "తొక్కి గట్టిచేసిన నేలలో శనగ మొలుస్తాదా?" అన్నాను. ఆ వైద్యం వచ్చేనాటికి నాయనకు కొంచెమన్నా డిస్కు మిగిలుండాలమ్మా. ఇంకెవరితోనూ తొక్కించొద్దు.

నాయనను మూటలు ఎత్తనీయొద్దు. కుంగిన నులకమంచం మాన్పించి చాప మీద పడుకోబెట్టు. బర్రె ఈనిందా? నా ఊదారంగు ఓణీ ఆళ్ళగడ్డ నుంచి వచ్చే ఎవరితోనైనా పంపు. తమ్ముడు ప్రతాప్ ఈ కార్డును నాయనకు రెండుసార్లు చదివి వినిపించాలి.

మాట వినలేదని కోపం చేసుకోవద్దు. నాయన స్కాన్ ఫిల్మ్ నా పెట్టెలోనే ఉంది. నా ఎదురుకాళ్ళకు మహిమే ఉంటే, రేపు పొద్దున ఆరింటికి పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు గది ముందు అందరికంటే ముందు అవే నిలబడతాయి.