ఎడమకి తిరిగే స్క్రూ

ఆదివారం, హాస్టల్ గది

ప్రియమైన నాన్నకి,

అత్తయ్య ఇంటి నుంచి క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈ రెండు మాటలూ చేరిన రోజే కార్డు మీద రాసి పోస్టు చేయాల్సింది. వీటి తర్వాత రాయాల్సిన మాట ఇంకొకటి ఉండబట్టి వారం రోజులు ఆగిపోయాను.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర మీ చేతిలో మంచినీళ్ల గ్లాసు వణికింది. సగం నీళ్లు కంచంలో పడ్డాయి. అత్తయ్య గుడ్డ తేవడానికి లేచింది. మీరు నవ్వి, "ఈ చెయ్యి పోతుందని నాకు రెండేళ్ల కిందటే తెలుసమ్మా. పక్షుల మాస్టారి కెమెరా దగ్గరే చెప్పేసింది" అన్నారు. ఆ రోజు మీ చెయ్యి ఏమీ చెప్పలేదు నాన్నా. చెప్పింది నేను.

మొదటి నుంచి రాస్తాను.

మధ్యాహ్నం భోజనం చేసి మీరు షాపు వెనక గదిలో అరగంట నడుం వాల్చేవారు. ఆ అరగంటా నేను మీ బల్ల దగ్గర కూర్చునేదాన్ని. చచ్చిపోయిన కెమెరాలు విప్పుకోమని మీరే ఇచ్చారు. "కస్టమర్ వస్తువు మాత్రం ముట్టుకోకు. అది ఇంకొకళ్ల కన్ను" అనేవారు. ఆ ఒక్క రోజు తప్ప ఎప్పుడూ ముట్టుకోలేదు. పక్షుల ఫోటోలు తీసుకునే ఆ మాస్టారు, ఫిల్ము తిప్పే మీట బిగుసుకుపోయిందని కెమెరా ఇచ్చి వెళ్లారు. మీరు లేచేసరికి మీట విప్పి ఉంచితే మెచ్చుకుంటారనుకున్నాను. మీట మధ్యలో ఒకటే స్క్రూ. ఎడమకి తిప్పాను. రాలేదు. ఇంకాస్త బలంగా తిప్పాను. టిక్కుమంది. తల ఊడి వచ్చేసింది. మొండెం లోపలే ఉండిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. "ప్రతి ఇంట్లోనూ ఒక పెడసరం మనిషి ఉంటాడు చూడు, ఈ రకం కెమెరాలో ఈ స్క్రూ అలాంటిది. అన్నీ ఎడమకి తిప్పితే ఊడతాయి, ఇది బిగుస్తుంది. కుడికి తిప్పితేనే వస్తుంది" అని మీరు చెప్పి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

వెనక గదిలో మంచం కిర్రుమంది. మీ ఆకుపచ్చ గోళ్లరంగు సీసా బల్ల మీదే ఉంది. పని పూర్తయ్యాక స్క్రూ వదులవకుండా మీరు దాంతోనే చుక్క పెట్టేవారు. ఆ సీసా కొనేటప్పుడు ఫ్యాన్సీ షాపామె "ఎవరికండీ?" అంటే "కెమెరాలకి" అన్నారని చెప్పి నన్ను ఎంత నవ్వించారో. ఆ రంగే కాస్త మొండెం మీద అద్ది, తలని దాని చోట్లో కూర్చోబెట్టాను. తర్వాత స్టూలు మీదికి వెళ్లి పుస్తకం తెరిచాను.

మీరు వచ్చారు. కంటికి భూతద్దం బిగించుకున్నారు. స్క్రూడ్రైవర్ ఆనించి కుడికే తిప్పారు నాన్నా. నేను చూశాను. చాలా మెల్లగా, కుడికే. తల మీ చేతికి వచ్చేసింది.

మీరు దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "పిల్లీ, నేనెటు తిప్పాను?" అని అడిగారు.

"ఎడమకి" అన్నాను.

భయం వల్ల అని రాస్తే సులువుగా ఉంటుంది. కానీ మీరు ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. నాకు సిగ్గేసింది, అంతే. ఆ ఒక్క మాట అని మళ్లీ పుస్తకంలోకి చూశాను.

మాస్టారు "పోనీలెండి, ఒక స్క్రూయే కదా" అంటున్నా వినకుండా, దానికి బదులు మీ సొంత కెమెరా ఆయన చేతిలో పెట్టారు. ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన చెయ్యి కుడీ ఎడమా మర్చిపోతే ఇంకొకరి వస్తువు పట్టుకోకూడదన్నారు. ఆ నెలలోనే షాపు మూసేసి, అత్తయ్య వాళ్ల ఊరెళ్లి మావయ్య స్టేషనరీ కొట్లో కూర్చున్నారు. నేను ఇక్కడే లైబ్రరీలో ఉద్యోగంలో చేరాను.

మాస్టారి పాత కెమెరా నా పెట్టెలోనే ఉంది. అలాంటి స్క్రూ ఒకటి సంపాదించి, దాన్ని బాగుచేసి మీ ముందు పెట్టి, అప్పుడు నిజం చెబుదామనుకున్నాను. ఉత్త చేతులతో మీ ఎదుటికి రావడం నాకు చేతకాలేదు. ఊడిన తలని నల్ల కాగితంలో మడిచి పట్టుకుని రెండేళ్లు తిరిగాను. కళ్లద్దాల షాపులో అడిగాను. పాత సామాన్ల కొట్లలో పాడైన కెమెరాలు కొని విప్పాను. ఒకదాంట్లో స్క్రూ లావు, ఇంకోదాంట్లో పొట్టి, మిగతావన్నీ మామూలుగా తిరిగేవే. గడియారాలు బాగుచేసే ముసలాయనైతే నన్ను చూడగానే మొదలుపెడతాడు. "వచ్చావా తల్లీ! ఆవగింజలో సగం లేదు, దానికింకా సంబంధం కుదరలేదా? నీకైనా ఇంత శ్రద్ధగా చూస్తున్నారా మీవాళ్లు?" ఆయన నవ్వడం అయ్యేదాకా నిలబడి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేస్తాను.

మా కాన్వెంటులో సిస్టర్ వారానికోసారి మా తప్పులు కాగితం మీద రాయించేది. నాకు ఏవీ తట్టేవి కావు. రెండు మూడు కల్పించి రాసేదాన్ని. ఇది కల్పించింది కాదు.

స్క్రూ దొరకలేదు. గ్లాసు వణకడం చూశాక ఇంక వెతుకుతూ కూర్చోలేకపోయాను. మీరు కుడికే తిప్పారు.

మీ
పిల్లి

*

గురువారం

పిల్లికి అత్తయ్య దీవెనలు.

మీ నాన్న చెబుతుంటే నేను రాస్తున్నాను. పెన్ను వాడి చేతిలో నిలవడం లేదు. తిట్లు కూడా వదలకుండా రాయమన్నాడు. సగం వదిలేశాను. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి రెండు రోజులు కొట్టుకి వెళ్లలేదు. మీ మావయ్య పలకరిస్తే "కుడికే తిప్పాను బావా" అన్నాడట. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇవాళ పొద్దున్నే నన్ను కాగితంతో కూర్చోబెట్టాడు. ఇక్కడి నుంచి వాడి మాటలు.

పిల్లీ, కోపం వచ్చింది. ఇంకా ఉంది. స్క్రూ విరిగినందుకు కాదు. నేను విరగ్గొట్టినన్ని ఎవరూ విరగ్గొట్టి ఉండరు. ఆ రోజు కుడికే తిప్పానని నా వేళ్లకి తెలుసు. అయినా నిన్నడిగాను. నా చేతి కన్నా నీ మాటే నమ్మాను.

ఈ వణుకు వచ్చి ఆరు నెలలే అయింది. దానికి ముందు ఏడాదిన్నర నా చెయ్యి బాగానే ఉంది. బాగున్న చేత్తో పెన్సిళ్లూ రబ్బర్లూ అమ్మాను. ఆ ఏడాదిన్నర నువ్వు తెచ్చివ్వలేవు. నేను అడగను.

(ఇక్కడ ఆగి బయటికి వెళ్లాడు. చాలాసేపటికి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. – అత్తయ్య)

కళ్లద్దాలవాణ్ణి అడిగావు, గడియారాలాయన్ని అడిగావు, పాత సామాన్లవాణ్ణి అడిగావు. నన్నొక్కణ్ణి అడగలేదు. ఆ స్క్రూలు నా రేకు డబ్బాలో మూడున్నాయి. ఆ రోజూ ఉన్నాయి. అది గంట పని. చేతి మీద నమ్మకం పోయి నేను ముట్టుకోలేదు.

ఒకటి పంపిస్తున్నాను. మొండెం తీయడానికి గడియారాలాయన దగ్గరున్న సన్నని డ్రిల్లు చాలు. డ్రిల్లు కుడికి తిరుగుతుంది, మొండెమూ కుడికే ఊడుతుంది. తొందరపడకపోతే దానంతట అదే బయటికి నడిచొస్తుంది. కొత్తది ఎటు తిప్పి బిగించాలో మాత్రం నేను చెప్పను.

వాడి మాటలు అయిపోయాయి. స్క్రూని టేపుతో కాగితానికి తానే అంటిస్తానన్నాడు. రెండుసార్లు కింద పడింది. మీ మావయ్యా నేనూ వాడూ నేల మీద పాకుతూ వెతికాం. మావయ్య మోకాలి కింద దొరికింది. మీ నాన్న చాలా రోజులకి నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా, అది నీకు రాయొద్దన్నాడు.

అత్తయ్య

*

బుధవారం

నాన్నకి,

మీ ఏడాదిన్నర గురించి ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. ఇందులోనూ రాయలేకపోతున్నాను.

మొండెం మీరు చెప్పినట్టే వచ్చింది. ముసలాయన డ్రిల్లు ఆపి "పెళ్లికొడుకు దొరికాడన్నమాట!" అన్నాడు. నా మొహం చూసి, కుర్చీ నాకిచ్చి తాను లేచి నిలబడ్డాడు. కొత్త స్క్రూ ఎడమకి తిప్పాను నాన్నా. ఈసారి నిజంగానే ఎడమకి. బిగిసింది. మీట తిరుగుతోంది.

చుక్క పెట్టలేదు. మీ సీసా షాపు మూసిన రోజు నేనే తెచ్చుకున్నాను, తెరిస్తే గడ్డకట్టి ఉంది. కొత్తది కొనడానికి వెళ్తే ఆ ఫ్యాన్సీ షాపామె "ఎవరికమ్మా, ఆకుపచ్చ?" అంది. "మా నాన్నకి" అన్నాను.

శనివారం మధ్యాహ్నం బస్సుకి కెమెరా తీసుకుని వస్తున్నాను. తర్వాత మాస్టారి ఇంటికి ఇద్దరం వెళ్దాం. ఆయనకి నేనే చెబుతాను. ముందు ఆ చుక్క మాత్రం మీరు పెట్టాలి. చెయ్యి వణికి రంగు మీటంతా పాకితే పాకనివ్వండి. నేను తుడవను.

మీ
పిల్లి