జగ్గు మీద గీత

మార్చి 3

ఈ రోజు చరిత్రలో నిలిచిపోతుంది. ఎవరి తోడూ లేకుండా, ఒంటరిగా, నేను ఒక నర్సింగ్ కేర్ హోమ్‌ని ఇన్‌స్పెక్ట్ చేశాను. మంచాన పడ్డవాళ్లను చూసుకునే హోమ్‌లకు గ్రేడ్లు ఇవ్వడం మా ఆఫీసు పని. మా పైఆఫీసరుకు టిక్కు మాస్టారని బిరుదు. ఇచ్చింది నేనే, ఆయనకింకా తెలియదు. పొద్దున్నే ఉపదేశం చేశారు: నలభై రెండు ప్రశ్నలు, నలభై రెండు రిజిస్టర్లు, రిజిస్టరు ఉంటే టిక్కు, లేకపోతే ఇంటూ, మనుషుల జోలికి పోయావంటే సాయంత్రానికి తేలవు నాయనా అని.

మూడు రోజుల ముందే నోటీసు ఇచ్చి వెళ్తాం కాబట్టి గోడలకు రంగు వాసన ఇంకా పోలేదు. మేనేజరమ్మ బిస్కెట్లు పెట్టించింది. లిఫ్టు రిపేరులో ఉంది. రెండో అంతస్తు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది బాబూ, ఎండలో పడి వచ్చారు, మళ్లీ మెట్లెందుకు అంది. తల్లిలాంటి మనిషి మాట కాదనడం సంస్కారం కాదు. ‘రెండో అంతస్తు: ఇలాగే’ అని రాసి, ఫస్ట్ గ్రేడు ఇచ్చి, ఆరో బిస్కెట్టు తిన్నాను.

మార్చి 9

అత్త బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక. ఆపరేషన్.

మార్చి 20

అత్త అంటే నాన్న అక్క. అమ్మానాన్నలు ఉద్యోగాలకు పోతే నన్ను పెంచింది ఆవిడే. ముప్ఫై ఏళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటు. ఇంట్లో పాలు కూడా కొలజాడీలో కొలిచే రకం. ఆరు వారాలు మంచం దిగకూడదట. పగలు ఇంట్లో ఎవరం ఉండం. నాన్న మా ఆఫీసు వెబ్‌సైటులో గ్రేడ్ల లిస్టు తీశాడు. ఫస్ట్ గ్రేడు, పైగా దగ్గర్లోనే, ఆ కింద సంతకం చూడవే, మనవాడిదే అని అమ్మకు ఫోను చూపించాడు. నువ్వు పాసు చేశాక ఇంకేం చూస్తాంరా ఇన్‌స్పెక్టరూ, పోదాం పద అంది అత్త.

అప్పుడు నోరు తెరవాల్సింది. నవ్వాను. నాకు నవ్వడం బాగా వచ్చు.

మార్చి 21

రెండో అంతస్తే ఇచ్చారు. లిఫ్టు ఇంకా రిపేరే. స్ట్రెచర్‌ని నలుగురం మోశాం. మెట్లు ముప్ఫై నాలుగు.

మార్చి 22, సాయంత్రం

‘ఇలాగే’ అంటే ఎలాగో రాస్తాను.

ఎనిమిది మంచాలు. ఎనిమిది తలలకు ఒకటే దువ్వెన. దాని పళ్ల మధ్య అందరి తెల్లవెంట్రుకలూ కలిసిమెలిసి ఉన్నాయి. ఒళ్లు తుడిచే గుడ్డ కూడా ఒకటే. మొదటి మంచం దగ్గర బయల్దేరిన గుడ్డ చివరి మంచానికి చేరేసరికి ఏ రంగుకు తిరుగుతుందో రాయను. అత్తది ఏడో మంచం. తడిసిన పక్కల వాసన మీద ఫినాయిలు, ఫినాయిలు మీద రూమ్ ఫ్రెషనర్. మూడూ కలిసి నా గొంతులో తిష్ఠ వేశాయి. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాను. పోలేదు.

ఎనిమిదో మంచం ఆవిడ మాట్లాడదు. వార్డునంతా కళ్లతోనే అదుపులో పెడుతుంది. అత్త ఆవిడకు ప్రిన్సిపాల్ అని పేరు పెట్టింది. ఇద్దరికీ కలిపి ఒక ప్లాస్టిక్ జగ్గు. అది కిటికీలో ఉంది, ఇద్దరిలో ఎవరి చెయ్యీ అందనంత దూరంలో. రెండు పూటలా అన్నం, టీ వస్తాయట. నీళ్లు మాత్రం ఎవరూ అందించరట. జగ్గులో ఒక ఈగ తేలుతోంది.

పారబోయబోతే అత్త కసిరింది. శాంపిల్ ముట్టుకోకురా వెధవా, పెన్ను తియ్, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ గీత గియ్, నిలబడి గీస్తావేంట్రా, కన్ను దానికి సమంగా పెట్టు, వంగు అని. వంగి గీశాను. కిందికెళ్లి నీళ్ల సీసా కొనుక్కొచ్చి ఇద్దరికీ తాగించాను. ప్రిన్సిపాల్ గ్లాసు వదల్లేదు.

మార్చి 23

నీళ్లు గీత దగ్గరే. ఈగ యథాస్థానం. నేను పెట్టిన సీసా మాయం. బయటి వస్తువులు నిషేధమట.

మంచానికి తగిలించిన చార్టులో మాత్రం పగలంతా రెండు గంటలకోసారి రెండు వందల మిల్లీలీటర్లు, ఇద్దరికీ. అత్త లెక్క కట్టింది. ఇద్దరం కలిసి ఒక్క పగట్లో మూడు లీటర్ల దాకా తాగామట్రా, రెండు లీటర్ల జగ్గులోంచి, అదీ గీత కదలకుండా, మా ల్యాబులో ఇలాంటి రీడింగు రాస్తే పిల్లల్ని బయట నిలబెట్టేవాళ్లం అంది. పెదవులు పగిలి ఉన్నాయి. ఆ పెదవులతోనే నవ్వింది.

ఆయమ్మను పట్టుకుని అరిచాను. ఆవిడ అరవలేదు. ఇరవై ఆరు మందికి ఇద్దరం బాబూ, తాగించాలా, తిప్పి పడుకోబెట్టాలా, రాయాలా, మీ ఆఫీసువాళ్లు వచ్చి అడిగేది రాతే కదా, అందుకని ముందది చేస్తాం అంది. వెళ్తూ వెళ్తూ, ఆ రోజు మీకు బిస్కెట్లు తెచ్చింది నేనే, మీరు మొహం చూడలేదు అంది.

మార్చి 25

సాయంత్రాలు నేను తాగించే గ్లాసు నీళ్లు ఏ మూలకూ చాల్లేదు, అత్తకు నాలుక తడబడుతోంది. ఆసుపత్రికి మార్చాం. ఒంట్లో నీళ్లే లేవన్నాడు డాక్టరు. సెలైన్ ఎక్కుతోంది. హోమ్ మెట్లు స్ట్రెచర్ మీద దిగుతున్నంతసేపూ ఆ తడబడే నాలుకతోనే ఒకటే మాట: నాకు నువ్వున్నావు సరే, ప్రిన్సిపాల్‌కి ఎవరున్నార్రా అని.

మార్చి 27

టిక్కు మాస్టారికి కాగితం ఇచ్చాను. రెండో అంతస్తు నేను ఎక్కలేదు, నా గ్రేడు అబద్ధం, రద్దు చేయగలరు.

ఆయన లేచి తలుపు వేసి వచ్చారు. ఎక్కలేదని ఎవరైనా చేత్తో రాసిస్తారటయ్యా, ఉద్యోగం ఊడుతుంది, అయినా ఈ డిపార్టుమెంటులో ఎక్కిందెవరని అన్నారు. దీనికి నా దగ్గర జోకు ఉండాలి. వెతికాను, లేదు. కాగితం వెనక్కి తీసుకోలేదు. ఇవాళే వెళ్దాం సార్ అన్నాను. రూలు రూలే నాయనా, మూడు రోజుల నోటీసు అన్నారు.

సాయంత్రం సీసా పట్టుకుని వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. మీ అత్తగారు వెళ్లిపోయారు కదా, ఇంక లోపల మీకెవరున్నారు అని.

మార్చి 28

హోమ్‌కి నోటీసు వెళ్లింది. నాకు మెమో వచ్చింది. రెండింటికీ ఒకటే ఫాంట్.

మార్చి 31

లిఫ్టు పనిచేస్తోంది. నేను మెట్లెక్కాను. ఎనిమిది కొత్త దువ్వెనలు, కవర్లు విప్పలేదు. ప్రిన్సిపాల్ చార్టు నిండుగా ఉంది.

జగ్గులోంచి ఈగను తీసేశారు. నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి.

నన్ను చూడగానే ఆవిడ నోరు తెరిచింది. మాట్లాడటానికి కాదు.