టేపు కింద అక్షరాలు

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

మూతి ముడుచుకు కూర్చున్న నా చెల్లికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావా కులాసా. నువ్వూ మరిదిగారూ చల్లగా ఉన్నారనే అనుకుంటున్నాను. మొన్నమొన్నటిదాకా మీ బావకి నా మీదున్న ఫిర్యాదు ఒక్కటే, టీవీ సౌండు. వీధి చివరిదాకా మన ఇంటి వార్తలే వినపడేవట.

నువ్వు ఊరు మారిన రోజు బస్సు కిటికీలోంచి ఏదో అడిగితే నేను ఉలకలేదు పలకలేదని అలిగావు. అలిగినదానివి అలిగినట్టు ఉండక, రోజూ పొద్దున్నే ఓ ఇంగ్లీషు పాఠం వీడియో పంపుతావు. పక్కన ఒక్క మాట ఉండదు. ఇదేం అలకే తల్లీ! అయినా నీ పుణ్యాన నాకో మేలు జరిగింది.

మా హోటల్లో రిసెప్షన్‌కి మనిషి కావాలన్నారు. గదుల్లోంచి వచ్చే ఫోన్లు తీసి, ఇంగ్లీషులో అడిగింది అర్థం చేసుకోవాలి. ఇన్నేళ్లూ కింద లాండ్రీలో, ఆ మిషన్ల రొదలో దుప్పట్లు మడతపెట్టీ పెట్టీ నా నడుం కూడా మడత పడిపోయింది. ఈ ఉద్యోగం దొరికితే కుర్చీలో కూర్చుని బతకొచ్చు కదా అని పేరిచ్చేశాను.

ఇక చూడు నా చదువు! ఇస్త్రీ బల్ల మీద ఫోను నిలబెట్టి నీ వీడియోలే. ఒక దుప్పటి మడతకి ఒక పాఠం. టవల్ అడిగితే ఏమనాలి, గీజర్ పనిచేయడం లేదంటే ఏమనాలి, అన్నీ వచ్చేశాయి. ఓస్, ఇంగ్లీషంటే ఇంతేనా అని ఎగిరెగిరి పడ్డాను.

మా సూపర్‌వైజరుని అందరం సైరన్ అక్క అంటాం. ఆవిడ గొంతుకి మిషన్లు కూడా జడుసుకుంటాయి. ఆవిడ చూసి చూసి, వింటున్నావా, కింద పడే అక్షరాలు చదువుతున్నావా అని నిలదీసింది. టేపు ముక్క చింపి నా ఫోను కింది భాగాన అడ్డంగా అతికించేసింది. అంతే! ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అదే పాఠం, అదే పంతులమ్మ, నోరు కదులుతోంది, నా బుర్రకి మాత్రం ఏమీ ఎక్కడం లేదు. ఈ వయసులో నాకెందుకీ ఇంగ్లీషు అని దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. పేరు కొట్టేయించుకుందామనీ అనుకున్నా. సైరన్ అక్క ఊరుకుంటేగా!

మొన్న పరీక్ష అయింది. మేనేజరుగారు పై అంతస్తు గదిలోంచి ఫోన్ చేశారు. దిండు ఇంకోటి కావాలట, పొద్దున్నే ట్యాక్సీ చెప్పాలట. అన్నిటికీ బదులిచ్చాను. ఒకచోట తడబడితే, మళ్లీ ఒకసారి చెప్పండి సార్ అని ఇంగ్లీషులోనే అడిగాను. అదీ నీ వీడియోలోదే. వచ్చే సోమవారం నుంచి నాది పైన కుర్చీ! మీ బావ వీధంతా చెప్పి వచ్చారు.

మరిదిగారికి నా దీవెనలు చెప్పు.

నీ మీద అలగడం ఎప్పటికీ చేతకాని
మీ అక్క

తా.క.: అసలు సంగతి చెప్పలేదు కదూ. టేపు అతికించిన రోజే, పాఠం అయిపోయాక ఫోన్లో దానంతట అదే ఓ తెలుగు జోకు వీడియో వచ్చింది. చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. నాకు అదీ అర్థం కాలేదు. మన తెలుగే చెల్లీ! సైరన్ అక్క నవ్వు ఆపేసి నన్ను చెవుల డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయింది. మిషన్ల రొదకి ఎడమ చెవి దాదాపు పోయిందట, కుడిది సగమే పనిచేస్తోందట. ఇప్పుడు రెండు చెవులకీ వినికిడి మిషన్లు పెట్టుకున్నాను. టేపు అలాగే ఉంది, తీసే అవసరం రాలేదు.

ఆ రోజు బస్సు పక్కన నిలబడి నీ పెదాలు కదలడం చూశానే తప్ప మాట వినపడలేదు. వెళ్లొస్తానంటున్నావనుకుని చెయ్యి ఊపి వచ్చేశాను. చెవుడని నాకే తెలీదు, నువ్వే నోట్లో నోట్లో మాట్లాడతావనుకునేదాన్ని. ఏమడిగావే? ఎంత గింజుకున్నా తట్టడం లేదు, బెంగగా ఉంది. ఫోన్ చేసి అదే మాట మళ్లీ అడుగు. నా ఆకుపచ్చ చీర గురించైతే కుదరదు. ఇంకేదైనా సరే, ఊఁ అనేస్తాను.