బాత్‌రూమ్‌లో బోర్నియో

27 జూలై 2003, ఆదివారం

ఆయన్ని హీత్రో ఎయిర్‌పోర్టులో దింపి ఇప్పుడే హారోలో ఇంటికి వచ్చాం. ఏళ్ళ తరబడి మా బాత్‌రూమ్‌లో పెంచుతున్న పిచర్ ప్లాంట్‌ని, కూజాలతో పురుగుల్ని పట్టి తినే ఆ మొక్కని, దాని సొంత కొండ మీద చూడాలట. బోర్నియోలో, పొగమంచులో, నాచు పట్టిన చెట్ల మధ్య ఉంటుందట. తోడు ఆఫీసు ఫ్రెండ్ ప్రదీప్. నాకు, మా అమ్మాయి ప్రణీతకు అప్పజెప్పింది ఒకటే పని: మొక్కకు వేడి తగలకూడదు.

2 ఆగస్టు

ఫోన్ చేశారు. రేపు కొండ ఎక్కుతారట. మొక్క ఎలా ఉందని అడిగారు. నేనెలా ఉన్నానో అడగలేదు.

5 ఆగస్టు

ప్రదీప్ ఫోన్. ఏడుస్తున్నాడు. ఫొటో తీసుకుని వస్తా, మీరు నడవండి అన్నారట ఈయన. అంతలో మంచు కమ్మేసిందట. వెనకాలే వస్తున్నాడనుకున్నా వదినా, వెనకాలే వస్తున్నాడనుకున్నా అని అదే మాట. గైడ్లు వెతుకుతున్నారట.

నాన్న దారి తప్పారని ప్రణీతకు చెప్పాను. ఎప్పుడు దొరుకుతారని ఇంగ్లీషులో అడిగింది.

8 ఆగస్టు

అక్కడ వాన. హెలికాప్టర్ లేవలేదట. ఇక్కడ చుక్క లేదు.

10 ఆగస్టు, ఆదివారం

ఇంగ్లండ్‌లో ఇంత ఎండ ఎప్పుడూ లేదని టీవీలో చెబుతున్నారు. మొక్కకు వేలాడే కూజాల అంచులు మాడిపోయాయి. ఫ్రీజర్‌లో ఉన్న ఐసంతా కుండీ చుట్టూ పోశాం. కరిగిపోయింది. ప్రణీత టబ్‌లో కూర్చుని తడిగుడ్డతో ఆకులు తుడుస్తూనే ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

పక్కింటి సుగుణ ఆంటీ అన్నం తెచ్చారు. ఇప్పుడు మొక్కేంటమ్మా, ముందు పిల్లని బయటికి తీసుకురా అన్నారు. చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకుంది. నీకు డాడ్ రావడం ఇష్టం లేదు, అందుకే దీన్ని చావనిస్తున్నావని అరిచింది. చెంప మీద కొట్టాను. ఇంతవరకు ఎప్పుడూ కొట్టలేదు.

ఆంటీ వెళ్ళాక నేనూ చీరతోనే టబ్‌లోకి దిగాను. ఇంకో గుడ్డ తీసుకుని రెండో వైపు ఆకులు తుడిచాను.

13 ఆగస్టు

మొక్క పోయింది. ముట్టుకుంటే ఆకు చేతిలోకి ఊడి వచ్చింది. ప్రణీత ఏడవలేదు. నాన్న అడిగితే నేనే చెబుతాను, నువ్వు చెప్పకు అంది. సరే అన్నాను.

16 ఆగస్టు, ఉదయం

విదేశాంగ శాఖ వాళ్ళ ఫోన్. లోయలో దొరికారట. ప్రదీప్ గుర్తుపట్టాడట.

ప్రణీత ఇంకా నిద్ర లేవలేదు. లేపను. దానికి ఇంకాసేపు నాన్న ఉండనీ.