పగిలిన హెల్మెట్ మాదే

ముఖపరిచయం లేని వడ్రంగి అయ్యగారికి దర్జీ నమస్కారాలు.

చెప్పేది నేను, రాసేది మా ఆవిడ. నా కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా కట్టులో ఉంది. మేమిక్కడ సగం క్షేమం. మీరక్కడ పూర్తి క్షేమమని తలుస్తాను.

పోయిన నెల పదకొండో తారీకు మధ్యాహ్నం నేను స్కూటరు మీద నుంచి పడ్డాను. ఎలా పడ్డానంటే చెప్పలేను. మలుపు దగ్గర కంకర లారీ కనిపించింది, ఆ తర్వాత ఆసుపత్రి ఫ్యాను కనిపించింది. మధ్యలో రెండు రోజుల్ని ఎవరో కత్తెరతో కత్తిరించి పట్టుకుపోయారు. నుదురంతా నల్లగా కమిలి ఉందని డాక్టర్లు హడలిపోయి పొద్దుటా సాయంత్రం మందు పూశారట. ఆఖరికి పెద్ద డాక్టరు వచ్చి, "హెల్మెట్ పగిలింది కాబట్టి నీ తల పగల్లేదయ్యా. ఇంటికెళ్ళి దానికో దణ్ణం పెట్టుకో" అన్నాడు.

ఇంటికొచ్చి సంచి విప్పితే దణ్ణం పెట్టుకోవడానికి నా హెల్మెట్ లేదు. వేరేది ఉంది. అదే నలుపు, అదే కంపెనీ. లోపల పెన్సిలుతో మీ దుకాణం చిరునామా రాసి ఉంది. మీరూ ఆ రోజే ఆ ఆసుపత్రికే వచ్చారన్నమాట. అక్కడి సామాన్ల గదిలో పనిచేసే మనిషి ఒకరి సంచి ఒకరికి అంటగట్టాడు. మీకేం కాలేదని హెల్మెట్ చూస్తేనే తెలుస్తోంది. దాని మీద ఒక్క గీత లేదు. ఏ కొట్లో కొన్నారో గానీ, భలే సరుకు. నాది ఒక్క దెబ్బకే పగిలింది, మీది రాయిలా నిలబడింది.

అయినా నాది నాకు కావాలి. కుడిచేతి రెండు వేళ్ళకి స్పర్శ తెలియడం లేదు. మళ్ళీ కత్తెర పట్టగలనో లేదో ఆరు వారాలు పోతేగానీ చెప్పలేమంటున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యే నాకు తిండి పెట్టింది. నా తలకి తగలాల్సిన దెబ్బ ఎంతదో కళ్ళారా చూస్తే, చెయ్యి మీద దిగులు కాస్త తగ్గుతుందేమోనని ఆశ. చూశాక మా దుకాణంలో చొక్కాలు తొడిగే బొమ్మకి పెడతాను. దానికి ఎలాగూ తల లేదు.

నేను నా జన్మలో హెల్మెట్ లేకుండా స్కూటరెక్కి ఎరగను. అలాంటివాడి హెల్మెట్ అలాంటివాడి దగ్గరే ఉండటం న్యాయం.

ఇట్లు,
ప్రస్తుతానికి ఎడమచేతివాటం దర్జీ

తా.క. అన్నయ్యగారూ, ఇది నేను సొంతంగా రాస్తున్నాను. "నా జన్మలో" అన్న వాక్యం ఆయన చెప్పినట్టే రాశాను, దానికి పూచీ మాత్రం నాది కాదు. నుదురు కమలడం గురించీ అంతే.

* * *

దర్జీగారికి వడ్రంగి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీరు పొరపడ్డారు. పగిలిన హెల్మెట్ మాదే. మా దుకాణంలో అలమర మీద ఉంది. కుడిచెవి పైనుంచి వెనక్కి నాలుగు వేళ్ళ పగులు. మీ దగ్గరున్నది మరెవరిదో అయి ఉంటుంది. నా చిరునామా చాలామందికి తెలుసు, ఎవరైనా రాసుకోవచ్చు.

మీ చెయ్యి బాగుపడాలని కోరుకుంటున్నాను. ఈ విషయమై ఇక ఉత్తరాలు రాయకండి.

ఇట్లు,
వడ్రంగి

తా.క. నిజంగానే ఒక్క గీత కూడా లేదా? ఎండలో పెట్టి ఇంకోసారి చూడండి.

* * *

మహాఘనత వహించిన వడ్రంగిగారికి, రాయవద్దన్నా రాస్తున్న దర్జీ నమస్కారాలు.

మీరు చెప్పినట్టే ఎండలో పెట్టి చూశాను. నా కళ్ళు చాలవని మా ఆవిడ చేత చూపించాను. పక్కింటి మాష్టారు భూతద్దం పట్టుకొచ్చి చూశాడు. ముగ్గురమూ ముక్తకంఠంతో చెబుతున్నాం, గీత లేదు, గీరు లేదు, మరక లేదు.

లోకంలో ఎవరైనా మంచి వస్తువు నాదంటే నాదని కొట్టుకుంటారు. పగిలినదాని కోసం కొట్టుకునేది మనిద్దరమే. నాకైతే కారణం ఉంది. మీకేమిటండీ? మీది నిక్షేపంలా తిరిగొస్తానంటుంటే వద్దని మొహం చాటేయడం ఏమిటి?

ఇక రుజువులు చెబుతాను, వినండి. నా తల ఇరవైమూడున్నర అంగుళాలు. వీధి వీధంతటినీ కొలిచిన టేపు అది, అబద్ధం చెప్పదు. నా దగ్గరున్నది రెండంగుళాలు తక్కువ. నెత్తిన పెట్టుకుంటే చెవుల దగ్గరే ఆగిపోయింది, తీయడానికి మా ఆవిడ తలప్రాణం తోకకొచ్చింది. మీ తల చిన్నదని నేననడం లేదు. కొలత అంటోంది. మీ దగ్గరున్నదాన్ని మీ తలకి పెట్టుకు చూడండి, గంగాళంలా గిరగిరా తిరగకపోతే అడగండి.

రెండోది, లోపలి పట్టీ. ఎవరో మెత్తటి గుడ్డ చుట్టూ తిప్పి కుట్టారు. నాదాంట్లో అలాంటిదేం లేదు. మీదాంట్లో ఉందో లేదో మీరే తిప్పి చూసుకోండి. ఆ కుట్టు గురించి ఒక్క మాట చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం చేసినవాణ్ణవుతాను. చాలామేర గోనె సంచులు కుట్టే మందపాటి గోధుమరంగు దారం, జానెడేసి కుట్లు. కుడిచెవి దగ్గర కాస్తంత మేర తెల్లదారం. చేతకానివాళ్ళిద్దరు పోటీపడి కుట్టినట్టుంది. మీరెవరి చేత కుట్టించారో గానీ ఇంకెప్పుడూ వాళ్ళకి సూది ఇవ్వకండి. ఆ కుట్టు చెవికి గుచ్చుకు చస్తుంది. అది పెట్టుకుని ఏ మనిషీ ఆమడ దూరం కూడా పోలేడు, తీసి కొక్కేనికి తగిలించుకుంటాడు.

వారం రోజుల్లో నా హెల్మెట్ పంపించకపోతే కర్ర పోటేసుకుంటూ మీ దుకాణానికి నేనే వస్తాను.

ఇట్లు,
కొలత తప్పని దర్జీ

తా.క. అన్నయ్యగారూ, ఈయన మందు వేసుకుని పడుకున్నాక ఇది రాస్తున్నాను. గీతల కోసం వెతుకుతుంటే పట్టీలో చిక్కుకున్న వెంట్రుక ఒకటి నాకు కనిపించింది. మూరెడు పొడుగుంది. ఈయనకి చెప్పలేదు. ఇది మీ హెల్మెట్ కాదు కదూ? మీ ఇంట్లో ఆడపిల్ల ఉందా? బాగుందా? ఒక్క ముక్క రాయండి, నాకు అన్నం సయించడం లేదు.

* * *

దర్జీగారికి, చెల్లెమ్మకి వడ్రంగి నమస్కారాలు.

చెల్లెమ్మ అడిగింది కాబట్టి రాస్తున్నాను. మా అమ్మాయి లేదు. పదకొండో తారీకు సాయంత్రం నాలుగింటికి పోయింది. ఇరవైనాలుగేళ్ళు. పసిపిల్లల బడిలో పాఠాలు చెప్పేది.

ఆ రోజు బడికి సెలవు. నేను క్యారేజీ ఇంట్లో మరిచిపోయి దుకాణానికొచ్చాను. నాలుగు సందుల దూరమే కదా అని తను స్కూటరు మీద తీసుకొచ్చింది. మూడో సందులో పడిపోయింది.

ఆసుపత్రివాళ్ళిచ్చిన సంచిలో హెల్మెట్ పగిలి ఉంది. తిప్పి లోపల చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. తీసుకెళ్ళి అలమర మీద పెట్టాను. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి, "పాపం, పెట్టుకున్నా లాభం లేకపోయింది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. తను చెయ్యవలసింది చేసింది, హెల్మెట్టే మోసం చేసింది అనుకుని, కంపెనీవాడి పీక పట్టుకుందామని బయల్దేరబోయాను కూడా. అలా అనుకున్నన్నాళ్ళూ కాస్త అన్నం లోపలికి పోయింది.

అప్పుడు మీ మొదటి ఉత్తరం వచ్చింది. ఒక్క గీత లేదని రాశారు. అది చదివాక అలమర మీదదాన్ని తిప్పి చూశాను. పట్టీ లేదు. నా చేతిరాతా లేదు. మీకు అబద్ధం రాశాను, క్షమించండి. మాది నిక్షేపంలా ఉందంటే దానర్థమేమిటో మీకు తెలియదు, నాకు తెలుసు. స్కూటరు కొక్కేనికి ఉన్నదాన్ని ఎవరో తనతో పాటు ఆసుపత్రికి చేర్చి ఉంటారు, అది తన తల మీద లేదు.

దాని తల్లికి ఇంకా చెప్పలేదు. ఆవిడ రోజూ పొద్దున్నే మీ హెల్మెట్‌ని కొంగుతో తుడుస్తుంది. అందుకే పంపలేకపోతున్నాను. కర్ర పోటేసుకుని రాకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇంకొక్కటే అడుగుతాను. ఆ పట్టీ కుట్టింది నేనే. హెల్మెట్ అంచు గరుకుగా ఉంది నాన్నా, చెవులు నొప్పెడుతున్నాయి అంటే, నా పాత బనియను చింపి కుట్టాను. నాకు సూది పట్టడం రాదు. ముందు సన్న మేకుతో బెజ్జాలు కొట్టి, తర్వాత దారం దూర్చాను. తను చూసి పడీపడీ నవ్వింది. రోజూ పెట్టుకునే వెళుతున్నానని చెప్పేది. నేను దుకాణంలో ఉంటాను, ఏం చూశాను? మీరు ఆ పనిలో ముప్ఫై ఏళ్ళున్నవారు. గుచ్చుకుంటుందని, ఎవరైనా తీసి కొక్కేనికి తగిలిస్తారని రాశారు. ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వడం లేదు. నిజం చెప్పండి. నా కుట్టు గుచ్చుకునే తను తీసేసిందా?

ఇట్లు,
వడ్రంగి

తా.క. బల్లలు, తలుపులు ఎన్నో చేశాను. ఎక్కడైనా పెచ్చు లేస్తే మళ్ళీ చిత్రిక పట్టేవాణ్ణి. దీన్ని ఒక్కసారి నా తలకి పెట్టుకుని చూసి ఉండాల్సింది.

* * *

అన్నగారికి మీ తమ్ముడి నమస్కారాలు.

ఈ ఉత్తరం నేనే ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు మీ కుట్టులాగే ఉన్నాయి, ఓపిగ్గా చదువుకోండి. మొదలుపెట్టి మూడు రోజులైంది. మీ ఉత్తరం మా ఆవిడ చదివి వినిపించాక నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను రాసిన ఒక్కొక్క మాటా తిరిగొచ్చి నాకే తగిలింది. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

ముందు నా అబద్ధం ఒప్పుకోవాలి. నేను హెల్మెట్ పెట్టుకునే మనిషిని కాను. పదేళ్ళు అది మా ఇంట్లో గోళీకాయల డబ్బాగా పనికొచ్చింది. ఆ పదకొండో తారీకు పొద్దున జుట్టుకి రంగు వేసుకున్నాను. అది నుదుటి మీదకి కారి అంటుకుపోయింది, ఎంత తోమినా వదల్లేదు. వీధిలో అందరూ నవ్వుతారని గోళీలు గుమ్మరించి హెల్మెట్ పెట్టుకున్నాను. డాక్టర్లు రెండు రోజులు మందు పూసింది ఆ రంగుకే. నేను బతికింది జాగ్రత్త వల్ల కాదు, సోకు వల్ల.

ఇప్పుడు మీరడిగినదానికి జవాబు. పట్టీని నా ఎడమచేత్తో తడిమి చూశాను, కట్టు విప్పాక స్పర్శ ఉన్న వేళ్ళతోనూ చూశాను. చివరికి నా చెంపకి ఆనించుకున్నాను. గుచ్చుకోదు. ముడులన్నీ మీరు బయటివైపుకి వేశారు. చెవి గురించి ఆలోచించినవాడే అలా వేస్తాడు. ఆ రోజు నేను రాసింది కోపంతో వాగిన వాగుడు. పైగా ఆ బనియను గుడ్డ లోపలివైపు అరిగి నున్నగా అయ్యింది, చెంపలు తగిలేచోట పలచబడింది. గుడ్డ ఊరికే అరగదు. తల మీద రోజూ ఎక్కిదిగితేనే అరుగుతుంది.

ఇంకో సంగతి. కుడిచెవి దగ్గర తెల్లదారం ఉందని రాశాను, గుర్తుందా? మీరు కుట్టింది గోధుమరంగు దారంతో. మీ ఉత్తరంలో తెల్లదారం ఊసే లేదు. అది మీది కాదు. ఆ మేర మీ దారం తెగిపోయింది. మీరు కొట్టిన మేకు బెజ్జాల్లోంచే ఎవరో తెల్లదారం దూర్చి, మీ కుట్టునే చూసి నేర్చుకున్నట్టు అంతే వంకరగా మళ్ళీ కుట్టుకున్నారు. మీకు చెబితే బాధపడతారని చెప్పకుండా కుట్టుకుని ఉంటుంది. అన్నగారూ, ఇష్టం లేనిదాన్ని ఎవరూ బాగుచేసుకోరు.

రోజూ పెట్టుకున్నానని మీ అమ్మాయి చెప్పింది నిజం. ఆ ఒక్కరోజు, నాలుగు సందులే కదా అనుకుంది. తను పెట్టుకోనిది ఒక్కరోజు, నేను పెట్టుకున్నది ఒక్కరోజు. అది ఒకే రోజు కావడం గురించి రాయడానికి ఏ చేత్తోనూ నాకు చేతకావడం లేదు.

మీ అమ్మాయి హెల్మెట్ ఈ ఉత్తరంతో పాటు మీకు పంపుతున్నాను. కుట్టులో ఒక్క పోగు కూడా కదపలేదు. నాది అక్కడే ఉండనివ్వండి, వదినగారిని తుడుచుకోనివ్వండి. ఎవరడిగినా పగిలింది మీదే అని చెబుతాను. వదినగారికి ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం. చెప్పిన రోజు మాత్రం తెల్లదారం చూపించి చెప్పండి.

నేను కొత్తది కొనుక్కున్నాను. స్కూటరెక్కడానికి ఇంకా నెలలు పడుతుంది. అయినా వీధి చివరి కొట్టుకి పెట్టుకునే నడిచి వెళుతున్నాను. చూసినవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వనీ.

ఇట్లు,
మీ తమ్ముడు

తా.క. అన్నయ్యగారూ, ఈ ఉత్తరంలో నా చెయ్యి లేదు, అంతా ఆయనే. ఆయన చాలా విషయాల్లో అబద్ధాలాడతారని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. కుట్టు విషయంలో మాత్రం ఆడలేరు. పెళ్ళయిన ఇరవైఆరేళ్ళలో నేను వేసిన ఒక్క కుట్టునీ బాగుందనలేదు. మొన్న మీ పట్టీని చెంపకి ఆనించుకుని, "బాగా కుట్టాడే" అన్నారు.