ఎదురు ఓటు

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియా, దోహా

భార్గవా,

ఫోన్లో అయితే ఏడుస్తానని ఇలా రాస్తున్నాను.

నిన్న అన్నయ్య అంతా చెప్పాడు. "కౌన్సిలర్ సీటు ఇప్పించింది నేను. వాడేమో చేపల మార్కెట్ స్థలం కాంప్లెక్సుకి ఇవ్వొద్దని నాకే ఎదురు ఓటేశాడు. ఇక వాడి మొహం చూడను" అన్నాడు.

ఈరోజు స్కూల్లో నేను చెప్పాల్సిన చరిత్ర పాఠమూ అలాంటిదే. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఒక ప్రభువు చిన్నకొడుకు ఉండేవాడు. ఆస్తంతా అన్నకు వెళ్లింది. ఇతనికి ఆ అన్న దయవల్ల పార్లమెంటు సీటు దక్కింది. ఏళ్లతరబడి అన్న చెప్పినట్టే ఓటేశాడు. ఒక్కసారి తన మనసు చెప్పినట్టు వేశాడు, సీటు పోయింది.

"తర్వాత వాళ్లన్న ఆయనతో మాట్లాడాడా మిస్?" అని మనోజ్ఞ అనే పిల్ల అడిగింది. పుస్తకంలో లేదమ్మా అన్నాను. ఆపైన పాఠం సాగలేదు.

ఇంటికి రాగానే అన్నయ్యకు ఫోన్ చేశాను. "వచ్చే ఎన్నికల్లో వాడికి టికెట్ ఇప్పించడం, మానడం నీ ఇష్టం. మాటలు మాత్రం మానకు. వాడు నీ వెనకే తిరుగుతూ పెరిగాడు" అన్నాను. దానికి అన్నయ్య, "వాడు వేళకి తింటున్నాడో లేదో కనుక్కో" అన్నాడు.

నేను కనుక్కోను. నువ్వే వాళ్లింటికి వెళ్లు. ఓటు గురించి క్షమించమని అడగకు, నువ్వు తప్పు చేయలేదు. వదినను అన్నం పెట్టమని అడిగి, అన్నయ్య పక్కన కూర్చుని తిను.

మీ ఇద్దరి మధ్య పుట్టిన
అక్క